తేలిగ్గా లేచిన బరువు

మా అన్నయ్యకు కాలు ఒకచోట నిలవదు. అన్నం తినేటప్పుడు కూడా కంచం చేత్తో పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూనే ఉంటాడు. కింద జిమ్ము, పైన ఇల్లు. జిమ్ములో ఒక్క కుర్చీ కూడా ఉండకూడదన్నది అతను పెట్టిన మొదటి రూలు. కూర్చునే ఉద్దేశం ఉన్నవాడు ఇంట్లోనే కూర్చుంటే సరిపోతుంది కదా, ఇంతదూరం రావడం దేనికి అంటాడు.

రెండో రూలు బోర్డుది. ఎవరైనా అంతకుముందు ఎత్తని బరువు ఎత్తితే, గోడ మీదున్న తెల్లబోర్డు మీద వాళ్ళ పేరు పక్కన అన్నయ్య కొత్త అంకె వేస్తాడు. వేయగానే లోపలున్న వాళ్ళందరూ చేతిలో ఏ ఇనుము ఉంటే దాన్ని నేలకేసి రెండుసార్లు కొట్టాలి. చప్పట్లు మెత్తటివాళ్ళకట. పైన మా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. కింద ఎవరో గెలిచారని మాకు అలా తెలుస్తుంది. వదిన ప్రతిసారీ "ఈ ఇల్లు కూలితే కానీ వీళ్ళకు తృప్తి ఉండదు" అని గొణుక్కుంటుంది.

ఆ వేసవిలో బోర్డు మీద అన్నిటికంటే పైన, ఎర్ర రంగులో ఉన్న పేరు పిడుగుది. పిడుగు అంటే అన్నయ్య కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల. దాని పేరు పక్కనున్నది అది ఎత్తిన బరువు కాదు. దాని రక్తంలో జబ్బులతో పోరాడే ఒక రకం తెల్లకణాల కౌంటు.

ఏడాది ముందు దానికి రక్తంలో క్యాన్సరని తేలింది. ఆసుపత్రిలో సూదులూ సెలైన్లూ అన్నీ అయ్యాక, ఇంట్లోనే మాత్రలు మింగే దశకు వచ్చాం. రోజూ కొన్ని, వారానికోసారి ఇంకొన్ని, మధ్యమధ్యలో రక్తపరీక్ష. తల మీద జుట్టు మళ్ళీ మొలుస్తోంది. జిమ్ములోకి మాత్రం రానివ్వం, అక్కడి చెమటా దగ్గులూ దానికి పడవు. మేడమెట్ల మీద, అద్దాల తలుపు వెనక కూర్చుని కిందికి చూస్తూ ఉండేది. మొదటిసారి కౌంటు బాగా పెరిగిందని తెలిసినప్పుడు అన్నయ్య పట్టలేని సంతోషంతో ఆ అంకెను బోర్డు మీద వేశాడు. రోజూ వచ్చే లారీ డ్రైవరు ముందుగా చేతిలోని ఇనుప ప్లేటు ఎత్తి నేలకేసి కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. మెట్ల మీద పిడుగు రెండు చేతులూ పైకెత్తి కండలు చూపించింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అప్పటినుంచి అదో అలవాటైపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నాది. వదిన రైల్వే టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది, షిఫ్టు మానడం కుదరదు. అన్నయ్య ఒకసారి వచ్చాడు కానీ, వరండాలో అతను తిరిగే తిరుగుడుకు మిగతా పిల్లలకు కళ్ళు తిరుగుతున్నాయని నర్సు బయటికి పంపేసింది. ఇంకేం, పొద్దున జిమ్ములో నేను నేర్పే ఆడవాళ్ళ బ్యాచి కానిచ్చుకుని, దాని చెయ్యి పట్టుకుని నేనే బయల్దేరేదాన్ని. పరీక్ష అవగానే అన్నయ్య ఫోను.

"అంకె చెప్పు."

చెప్పేదాన్ని. "హుర్రే" అనో "భలే" అనో అరిచి పెట్టేసేవాడు. డాక్టరమ్మ ఇంకేమైనా చెప్పిందా అని అడిగే ఓపిక మా అన్నయ్యకు ఏ జన్మలోనూ లేదు. మాత్రల సంగతి నేను వదినకు చెప్పేదాన్ని. అంకె అతనిది, మాత్రలు ఆవిడవి.

ఎండలు ముదిరేసరికి కౌంటు రెండు వేలు దాటింది. డాక్టరమ్మ కాగితం చూసి, "బయట మందులేమైనా వాడుతున్నారా?" అంది.

"లేదండీ."

"ఆకులూ, పసర్లూ, ఎవరో చెప్పిన చూర్ణాలూ?"

"అలాంటివి మా గడప తొక్కనివ్వమండీ."

"సరే. పిల్ల బాగానే తట్టుకుంటోంది. మాత్రలు కొంచెం పెంచుదాం."

నేను దాన్ని మెప్పు అనుకున్నాను. బయట జనం కిటకిటలాడుతున్నారు, వివరంగా అడిగే తీరికా లేదు. పిడుగును బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, నిన్ను డాక్టరమ్మ మెచ్చుకుందే అని కూడా చెప్పాను.

తర్వాతి పరీక్షకు కౌంటు మూడు వేలకు చేరింది. ఈసారి డాక్టరమ్మ మొహం చిట్లించింది. మళ్ళీ పెంచింది. పెంచి, కళ్ళజోడు తీసి, నా వంక సూటిగా చూసింది.

"నిజం చెప్పండి. మాత్రలు రోజూ వేస్తున్నారా? మధ్యలో మానేయడం లేదు కదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన సంగతి ఆవిడకేం తెలుసు? మాత్ర నోట్లో వేసి, నీళ్ళు తాగించి, నాలుక ఎత్తించి చూస్తే కానీ కదలని మనిషి. తాగే నీళ్ళు, తినే పళ్ళెం, చివరికి బొమ్మలు కూడా మరగబెట్టి ఆరేసే మనిషి. "మా వదిన మీద అనుమానపడితే మీకు కళ్ళు పోతాయండీ" అందామని నోటిదాకా వచ్చి, మింగేశాను. దారి పొడుగునా లోపల రుసరుసలాడుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక ఆ కోపం నెమ్మదిగా అనుమానమై పురుగులా తొలవడం మొదలుపెట్టింది. వదిన మానదు, సరే. పిల్ల? బుగ్గలో దాచుకుని ఉమ్మేస్తోందేమో? అది పిడుగు, అంత పనీ చేయగలదు. దానికి తెలియకుండా మంచం కింద వెతికాను, కిటికీ గట్టు వెతికాను, బొమ్మల సంచి బోర్లించాను. ఒక్క మాత్రా దొరకలేదు. చివరికి అది ఎప్పుడూ పక్కన పెట్టుకునే నీలం నీళ్ళసీసా మూత తీసి చూశాను. నీళ్ళు ఒట్టి నీళ్ళలా లేవు. లేత పసుపు రంగు. ఆరెంజి వాసన. జిమ్ములో పొడి డబ్బాలు అమ్మే కౌంటరు దగ్గర రోజూ పీల్చే వాసన నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

సీసా పట్టుకుని కిందికి దిగాను. మధ్యాహ్నం, జిమ్ము ఖాళీగా ఉంది. అన్నయ్య చొక్కా లేకుండా యంత్రం గొలుసుకు నూనె పెడుతున్నాడు.

"ఏంటిది?"

"నీళ్ళు."

"నీళ్ళకు ఆరెంజి వాసన ఎప్పటినుంచి వస్తోంది?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. "పోటీలకు వెళ్ళేవాళ్ళకు ఇస్తాను చూడు, రక్తం పట్టే పొడి. అదే. పిల్ల కదా అని తక్కువే కలుపుతున్నా. విటమిన్లు, ఇనుము, అంతే. నేనేం విషం పెట్టడం లేదు."

"ఎవర్ని అడిగి?"

"అన్నం పెట్టడానికి కూడా ఎవర్నైనా అడగాలా? అది మందు కాదే, తిండి. ఆ మాత్రలేమో పిల్ల రక్తాన్ని దించుతున్నాయి. వాళ్ళు దించుతారు, నేను ఎత్తుతాను. ఎవరి పని వాళ్ళది. ఎత్తుతున్నానా లేదా? బోర్డు చూడు!"

బోర్డు చూశాను. ఎర్ర అంకె నిజంగానే ఠీవిగా ఉంది. అతని మాట కొట్టిపారేయడానికి నాకు ధైర్యం చాల్లేదు. పిల్ల ఆడుతోంది, తింటోంది. ఒకవేళ నిజంగా ఇతనే కాపాడుతున్నాడేమో అని కూడా అనిపించింది. కానీ డాక్టరమ్మ అడిగిన ప్రశ్న చెవిలోంచి పోవడం లేదు.

"వదినకు తెలుసా?"

"తెలిస్తే ఆ పొడిని కూడా మరగబెడుతుంది."

"ఈసారి పరీక్షకు నువ్వూ రా. నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా, ఆ తర్వాత నన్ననకు."

"వస్తానే! దాచుకోడానికి నేనేమైనా దొంగతనం చేశానా? చూస్తుండు, ఆవిడే మెచ్చుకుని మిగతా పిల్లలకు కూడా రాసిస్తుంది."

పరీక్ష రోజు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిసంచిలో పొడి డబ్బా, దాని మీద కండలు తిరిగిన చెయ్యి బొమ్మ. వరండాలో ఇదివరకటిలాగే కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఒళ్ళో చిన్న కొడుకును పడుకోబెట్టుకున్న ఒకతను పలకరించాడు. వాళ్ళ బాబుకు కౌంటు పడిపోయిందట, మందు ఆపేశారట. అన్నయ్య అతని భుజం తట్టి, "బెంగ పెట్టుకోకు తమ్ముడూ. నా దగ్గర ఒకటుంది. లోపలికెళ్ళొచ్చి చెప్తాను" అన్నాడు.

పిడుగును నర్సు దగ్గర వదిలి ఇద్దరం లోపలికెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి పెదవి విరిచింది. "ఇంకా ఎక్కువే ఉంది. మళ్ళీ పెంచాలి."

అన్నయ్య నవ్వుతూ కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఏం పెంచాలండీ?"

"మాత్రలు. ఇప్పటికే రెండుసార్లు పెంచాం కదా, మీకు చెప్పలేదా?"

అన్నయ్య నా వంక చూశాడు. నేను అన్నయ్య వంక చూశాను. అంకెలూ మాత్రలూ ఒకే గదిలోకి రావడం అదే మొదటిసారి.

"కౌంటు బాగుంటే పెంచడం దేనికండీ?" అన్నాడు.

"ఈ దశలో మేమే దాన్ని కొంచెం అణచి ఉంచుతాం. వెయ్యికి అటూ ఇటూ. అక్కడుంటేనే లోపల ఎక్కడైనా దాక్కున్న చెడ్డ కణాలు కూడా తలెత్తకుండా ఉంటాయి. పిల్ల మోయగలిగినంత మందు మోయించాలి. తేలిగ్గా మోస్తోందంటే, సరిపోలేదని కదా?"

ఆ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. బరువు ఎత్తి, మీసం తిప్పుతూ నిలబడ్డ ప్రతివాడితోనూ అన్నయ్య అనే మాటే అది. తేలిగ్గా లేచిందా? అయితే సరిపోలేదు. అని, ఇంకో ప్లేటు తగిలిస్తాడు.

అతను నెమ్మదిగా వంగి, డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. బొమ్మ ఉన్న వైపు తనవైపుకు తిప్పుకుని, చిన్న అక్షరాలున్న వైపు ఆవిడకు పెట్టాడు.

"రోజూ ఇస్తున్నానండీ. నేనే."

డాక్టరమ్మ అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంటూ ఒకచోట ఆగింది. "ఫోలిక్ యాసిడ్. మంచిదే ఇది. కడుపుతో ఉన్నవాళ్ళకు మేమే ఇస్తాం. కణాలు పెరగడానికి కావాలి. కానీ పాప వారానికోసారి వేసుకునే మాత్ర ఉంది చూడండి, ఈ విటమిన్ కణాలకు అక్కరకు రాకుండా చేయడమే దాని పని. మేం తలుపు మూస్తుంటే మీరు కిటికీ తెరుస్తున్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "ఇనుమూ ఉంది ఇందులో. ఆసుపత్రిలో అంత రక్తం ఎక్కించాం కదా, ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువ, అదీ ఇప్పుడు వద్దు."

"చెడ్డ కణాలకు కూడా ఇదేనా అండీ తిండి?"

"వాటికీ ఇదే."

అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. పరాయి చోట అతను కూర్చోగా చూడడం నాకు అదే మొదలు.

"జబ్బు మళ్ళీ..."

"ఇప్పుడే చెప్పలేను. పరీక్షలు చేస్తూనే ఉందాం. ఇది ఈ రోజే ఆపేయండి. మాత్రలు మొదట ఉన్నంతకే తగ్గిస్తున్నా. కానీ పెంచినదాని ప్రభావం ఇంకా ఉంటుంది, కౌంటు ఒక్కసారిగా జారిపోవచ్చు. జ్వరం తగిలితే క్షణం ఆగొద్దు, తీసుకొచ్చేయండి." ఆవిడ డబ్బాను అతని వైపు జరిపింది. "నేను మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను. మీకిది మందు కాదు కదా. పొడి, టానిక్కు అని అడిగి ఉండాల్సింది."

బయట ఆ చిన్నబాబు తండ్రి ఆశగా లేచి నిలబడ్డాడు. "అన్నా, ఏదో చెప్తానన్నారు?"

అన్నయ్య సంచి మూతి బిగించి పట్టుకున్నాడు. "ఏం లేదు తమ్ముడూ. ఎవరేం ఇచ్చినా, నాలాంటివాడు ఇచ్చినా, తీసుకెళ్ళి ఆవిడకు చూపించు. చూపించకుండా ఒక్క చెంచా కూడా పెట్టకు."

వదిన షిఫ్టు నుంచి వచ్చాక అతనే చెప్పాడు, నిలబడి, ఒక్క మాటా దాచకుండా. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఎన్నాళ్ళనుంచి?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత నీలం సీసా తీసుకుని వంటింట్లోకి వెళ్ళి మరగబెట్టింది. నీళ్ళు పారబోసి మళ్ళీ మరగబెట్టింది. సీసా సొట్టలు పడి వంకరపోయినా ఆపలేదు. ఆ రోజు నుంచి అన్నయ్యతో మాటలు బంద్. అన్నం పెట్టేది, అడిగినదానికి నాతో జవాబు చెప్పించేది.

డాక్టరమ్మ అన్నట్టే కౌంటు జారింది. జారడం కాదు, కూలింది. పిడుగు రోజంతా పడుకునే ఉండేది. మెట్ల మీదికి రావడం లేదు, బొమ్మలు ముట్టడం లేదు. ఇంట్లో ఎవరమూ ఒకచోట కుదురుగా ఉండలేకపోయాం. నేను ఆడవాళ్ళ బ్యాచిలో లెక్క తప్పి, వాళ్ళ చేత ఒకే వైపు వంగిస్తూ చీవాట్లు తిన్నాను. వదిన టికెట్ల కౌంటరు నుంచి గంటకోసారి ఫోను చేసేది. అన్నయ్య కింద బోర్డు మీద పిడుగు పేరు తుడిచేశాడు. పక్కనున్న టైలరు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చి, మంచం పక్కన వేసుకుని కూర్చున్నాడు. కూర్చునేవాడు, లేచేవాడు, దాని నుదుటి మీద చెయ్యి వేసేవాడు, మళ్ళీ కూర్చునేవాడు.

"నాన్నా, నా నుదురు అరిగిపోతోంది" అంది అది కళ్ళు మూసుకునే.

"సరే సరే. వేయను."

రెండు నిమిషాలాగి మళ్ళీ వేశాడు. ఏదో ఒకటి చేస్తే కానీ బతకలేని మనిషికి, ఏమీ చేయకుండా ఉండమనడం ఎంత శిక్షో అప్పుడు చూశాను. కోపం ఉన్నా జాలేసింది.

కాస్త తేరుకున్నాక ఒక సాయంత్రం పిడుగు అడిగింది. "నా పేరు తుడిచేశావా? లారీ మామయ్య వాళ్ళు మాట్లాడుకుంటుంటే వినబడింది."

అన్నయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఎక్కువ రాకూడదటమ్మా. వెయ్యి దగ్గరే ఉండాలట. మరీ తక్కువా కాకూడదు, మరీ ఎక్కువా కాకూడదు."

"మరి ఇన్నాళ్ళూ ఎక్కువొస్తే ఇనుము ఎందుకు కొట్టారు?"

"నాకు తెలియక కొట్టించాను."

అది దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "నాకు ఆ నీళ్ళు అస్సలు బాగుండేవి కాదు నాన్నా. నువ్వు సంతోషపడతావని తాగేదాన్ని."

అన్నయ్య లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. గుమ్మంలో బట్టలు మడతపెడుతున్న వదిన చేతులు ఆగిపోయాయి. ఒక్క క్షణమే, మళ్ళీ మడతపెట్టింది.

"మళ్ళీ వేస్తావా నా పేరు?" అంది పిడుగు.

"ఎంత వచ్చినా వేస్తాను."

జ్వరం రాలేదు. ఆ వేసవి మాకు చేసిన ఉపకారం అదొక్కటే. మొదటి వాన పడిన వారం మళ్ళీ పరీక్షకు వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి మొదటిసారి నవ్వింది. వెయ్యికి ఓ పిసరు పైన. ఇంతకంటే చక్కగా ఉండదంది. ముందు ముందు ఏమవుతుందో ఇంకా చూడాల్సే ఉందని కూడా అంది. నేను ఫోను తీసేలోగానే అది మోగింది.

"డాక్టరమ్మ ఏమంది?" అన్నాడు అన్నయ్య. అంకె అడగలేదు.

సాయంత్రం బ్యాచి నిండుగా ఉన్నప్పుడు అతను కిందికి దిగాడు. పిడుగు మంచం మీద లేచి కూర్చుంది. దానికి తెలుసు, ఇప్పుడు ఎర్ర రంగుతో రాస్తున్నాడని. నేనూ వదినా వంటింట్లో ఉన్నాం. ముగ్గురం చెవులు రిక్కించుకుని నేల అదరడం కోసం చూస్తున్నాం.

ఏమీ కదల్లేదు. గిన్నెలు చప్పుడు చేయలేదు.

నాకు అర్థమైంది. కింద వాళ్ళకు చివరిగా గుర్తున్నది మూడు వేలు. ఇప్పుడు చూస్తే వెయ్యి. పాపం వాళ్ళు ఏమనుకుంటారు? ఉన్న ఇనుమును చప్పుడు కాకుండా దించి, తలలు వంచుకుని నిలబడి ఉంటారు. వెయ్యే మంచిదని అన్నయ్య వాళ్ళకు ఇంకా చెప్పి ఉండడు.

పిడుగు మంచం దిగింది. ఒట్టి కాళ్ళతో, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి, గట్టు మీదున్న స్టీలు గ్లాసు తీసుకుంది. నేల మీద చతికిలపడి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. టంగ్. ఊపిరి తీసుకుని మళ్ళీ కొట్టింది. టంగ్.

కాసేపటికి కింద నుంచి ఒక్క దెబ్బ వినబడింది. ఒకే మనిషి, ఒకే ప్లేటు. రెండో దెబ్బకు ఇంకెవరో కలిశారు. ఆ తర్వాత జిమ్మంతా ఒక్కసారి నేలకేసి బాదింది. గిన్నెలు గలగలలాడాయి, గూట్లోంచి మూతలు జారిపడ్డాయి, పిడుగు గ్లాసు పట్టుకున్న చేతిని పైకెత్తి, పుల్లలాంటి ఆ చేతికి కండ చూపించింది.

వదిన జారిపోతున్న పళ్ళాన్ని రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకుని నిలబడింది. ఇల్లు కూలుతుందని అంటుందనే అనుకున్నాను.

"మీ అన్నయ్యకు చెప్పు," అంది. "ఇంకోసారి కొట్టమను."